కొలరాడో పబ్లిక్ ల్యాండ్‌లో మొదటి ఎల్క్ వేట: లైసెన్స్, నేల, గురి, మాంసం

ప్రతి సెప్టెంబరులో నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఈసారి ఎల్క్ వేటకి రావాలనుంది, ఏ రైఫిల్ కొనమంటావ్?" అని. రైఫిల్ సంగతి నాలుగోది. అంతకంటే ముందు మీ వీసా, మీ లైసెన్స్, మీరు అడుగు పెట్టబోయే నేల తేలాలి. ఈ వరస తప్పినవాళ్లే సీజన్‌లో ఇబ్బంది పడటం చూశాను. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఎల్క్ అంటే మన నల్లమల కణుజుని పోలిన, ఇంకా భారీగా ఉండే దుప్పి జాతి. ఇక్కడ రాసినదంతా కొలరాడోకి, అదీ రైఫిల్ సీజన్లకి మాత్రమే వర్తిస్తుంది. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఈ సరదా అక్కడ పనికిరాదు.

1. ముందు మీ వీసా చూసుకోండి

మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనకి పనికొచ్చేది ఏమిటంటే, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ మీ దగ్గర ఉండటం.

"ఫ్రెండ్ రైఫిలే కదా, రేంజ్‌లో రెండు రౌండ్లు కాలిస్తే ఏమవుతుంది?" అని అడుగుతారు. చేతిలోకి తీసుకున్నా చట్టం దృష్టిలో అది మీ దగ్గర ఉన్నట్టే. లైసెన్స్ గడువు ముగిసిన మర్నాడు ఆ మినహాయింపు కూడా పోతుంది, బీరువాలో ఉన్న రైఫిల్ మిమ్మల్ని నేరస్థుణ్ణి చేస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. గ్రీన్ కార్డుకి అప్లై చేసి మధ్యలో ఉన్నవాళ్లు, స్టేటస్ మారుతున్నవాళ్లు ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఫీజు ఎంతైనా ఇచ్చి అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇంకొకటి. కొలరాడోలో గంజాయి రాష్ట్ర చట్టం ప్రకారం అమ్ముతారు. ఫెడరల్ చట్టం మాత్రం గంజాయి వాడేవాళ్లకి తుపాకీ నిషేధిస్తుంది. షాపులో నింపే 4473 ఫారంలో ఆ ప్రశ్న నేరుగా ఉంటుంది. అందులో అబద్ధం రాయడం విడిగా మరో నేరం.

తుపాకీ కొనేముందు సరిచూసుకోండి:
- గడువులో ఉన్న హంటింగ్ లైసెన్స్ (నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా అయితే)
- పాస్‌పోర్టు, ఐ-94 కాపీ
- ప్రస్తుత అడ్రస్ ఉన్న కొలరాడో ఐడీ
- రైఫిల్ చేతికి రావడానికి ముందు కనీసం 3 రోజుల ఆగుదల ఉంటుంది, చివరి వారం దాకా ఆగొద్దు
- ఇంట్లో తాళం పడే సేఫ్, ముఖ్యంగా పిల్లలుంటే

2. ఏ నెలలో ఏం చేయాలి

చలికాలంలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయండి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ ఈ కార్డు తప్పనిసరి. వేరే రాష్ట్రంలో తీసుకున్న కార్డు కూడా చెల్లుతుంది.

మార్చిలో కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల బిగ్ గేమ్ బ్రోచర్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవండి. రాష్ట్రాన్ని గేమ్ మేనేజ్‌మెంట్ యూనిట్లుగా విడగొట్టారు. మీ లైసెన్స్ ఏ యూనిట్‌కి, ఏ సీజన్‌కి, మగదానికా ఆడదానికా అన్నది దాని మీదే ఉంటుంది.

ఏప్రిల్ మొదటి మంగళవారం సాధారణంగా డ్రా (లాటరీ తీసి లైసెన్సులు ఇచ్చే పద్ధతి) దరఖాస్తుకి ఆఖరి రోజు. దరఖాస్తుకి ముందు అర్హత లైసెన్స్ ఒకటి కొనాలి. ఏడాది స్మాల్ గేమ్ లైసెన్స్ సరిపోతుంది. మొదటి ఛాయిస్ రాకపోతే ప్రిఫరెన్స్ పాయింట్ వస్తుంది, అది తర్వాతి ఏళ్లలో కలిసొస్తుంది. డ్రా పద్ధతి, నేరుగా కొనుక్కునే లైసెన్సుల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి పాత స్నేహితుడి మాట మీద ఆధారపడకుండా ఆ ఏడాది బ్రోచరే చూడండి.

జూన్ నుంచి ఆగస్టు వరకు నడక, రేంజ్, యూనిట్‌ని వెళ్లి చూసి రావడం. డ్రాలో మిగిలిన లైసెన్సులు ఆగస్టులో అమ్మకానికి వస్తాయి.

అక్టోబరు మధ్య నుంచి నవంబరు చివరి దాకా నాలుగు రైఫిల్ సీజన్లు. కొత్తవాళ్లకి నా సలహా: మొదటి ఏడాది ఆడ ఎల్క్ లైసెన్స్‌కి పెట్టండి. దొరకడం తేలిక, కొమ్ముల లెక్క ఉండదు, మాంసం మెత్తగా ఉంటుంది. కొమ్ముల ఫొటో కోసం మూడేళ్లు ఖాళీ చేతులతో తిరిగి మానేసినవాళ్లు నాకు తెలుసు.

3. ఎక్కడ అడుగు పెట్టొచ్చు

కొలరాడోలో వేటకి తెరిచిన నేల బోలెడంత ఉంది. మీకర్, గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ చుట్టూ ఉన్న వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్ ఒక్కటే సుమారు 23 లక్షల ఎకరాలు. మ్యాపులో ఆకుపచ్చగా, పసుప్పచ్చగా కనిపించేదంతా మనదే అనుకుంటే మాత్రం చిక్కే. ఏ నేలకి ఆ నేల పద్ధతి ఉంది.

- నేషనల్ ఫారెస్ట్, బీఎల్ఎమ్ (ఫెడరల్ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) భూములు: ప్రత్యేకంగా మూసేసినచోట తప్ప వేటకి తెరిచే ఉంటాయి.
- స్టేట్ వైల్డ్‌లైఫ్ ఏరియాలు: లోపలికి వచ్చే పెద్దవాళ్లందరి దగ్గరా వేట లేదా చేపల లైసెన్స్, లేదా వాటి పాస్ ఉండాలి. వేటాడకుండా మీతో ఊరికే వచ్చే స్నేహితుడికి కూడా.
- స్టేట్ ట్రస్ట్ ల్యాండ్: పేరులో స్టేట్ ఉన్నా అందరికీ తెరిచి ఉండదు. పబ్లిక్ యాక్సెస్ కార్యక్రమంలో చేర్చిన ముక్కల్లోకి మాత్రమే వెళ్లొచ్చు.
- రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్: రోడ్డు పక్కనే ఎల్క్ మేస్తుంటాయి, వేట మాత్రం లేదు.
- ప్రైవేటు భూమి: యజమాని అనుమతి లేనిదే వేటకి అడుగు పెట్టకూడదు. కంచె ఉండాలని గానీ, బోర్డు పెట్టాలని గానీ చట్టం యజమానికి చెప్పదు. "బోర్డు కనపళ్లేదు సార్" అన్నది సమాధానంగా పనికిరాదు.

చదరంగం బల్లలా ప్రైవేటు, పబ్లిక్ గళ్లు కలిసే చోట మూల నుంచి మూలకి దాటొచ్చా అన్న గొడవ చాలాకాలం నడిచింది. వయోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ దగ్గర మిస్సోరీ వేటగాళ్ల మీద రాంచ్ యజమాని వేసిన కేసులో, ప్రైవేటు నేలని తాకకుండా మూల దాటడం తప్పు కాదని 10వ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2025 మార్చిలో తీర్పు ఇచ్చింది. కొలరాడో కూడా ఆ సర్క్యూట్ కిందే ఉంది. అయినా మొదటి ఏడాది ఆ మూలల జోలికి పోవద్దు. ఫోన్ జీపీఎస్ కొన్ని అడుగులు అటూ ఇటూ చూపిస్తుంది, మూల ఉండేది ఒక్క బిందువు. సర్వే గుర్తు కళ్లారా కనపడకుండా దాటితే మీరు ఎవరి నేల మీద కాలు పెట్టారో మీకే తెలియదు.

ఇంటి దగ్గర కూర్చుని చేయాల్సిన పని ఇది:

1. ఆన్‌ఎక్స్ (onX) లాంటి యాప్‌లో భూయజమానుల హద్దులు ఆన్ చేసి, మీ యూనిట్‌లో పబ్లిక్ రోడ్డు నుంచి నేరుగా చేరుకోగల భూమిని గుర్తించండి. చుట్టూ ప్రైవేటు ఉండి దారి లేని ముక్కలు కొట్టేయండి.
2. ఫారెస్ట్ సర్వీస్ వాళ్ల మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్‌తో పోల్చండి. యాప్‌లో గీత ఉందని ఆ దారిలో బండి పోనివ్వొచ్చని కాదు.
3. ఉత్తరం వైపు వాలిన దట్టమైన అడవి, దాని పక్కనే పచ్చిక బయలు, దగ్గర్లో నీరు, ఈ మూడూ కలిసే చోట్లు అయిదు గుర్తుపెట్టండి. ఎల్క్ రాత్రీ, తెల్లవారుజామునా పచ్చికలో మేసి పగలు ఆ చీకటి అడవిలో పడుకుంటుంది.
4. వాటిలో రోడ్డుకి మైలు లోపు ఉన్నవి పక్కన పెట్టండి. మొదటి రోజు పొద్దున్నే అక్కడ జనం ఉంటారు.
5. మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకోండి, కాగితం మ్యాపు కూడా ఉంచుకోండి. చలికి ఫోన్ బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది.
6. వేసవిలో ఒకసారైనా వెళ్లి ఆ దారి నడిచి రండి. గేటు మూసి ఉందని అక్టోబరు తెల్లవారుజామున నాలుగింటికి తెలుసుకోవడం మహా బాధ.

వైల్డర్‌నెస్ అని గుర్తించిన ప్రాంతాల్లో, ఉదాహరణకి ఫ్లాట్ టాప్స్‌లో, చక్రాలున్న ఏదీ పనికిరాదు. మాంసం లాగే రెండు చక్రాల బండి కూడా. అక్కడ వేటాడితే మాంసం మీ వీపు మీదో, గుర్రం మీదో రావాలి.

4. ఏ రైఫిల్

త్వరగా చెప్పేస్తాను. ఏదైనా పేరున్న కంపెనీ బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగి ఎక్కించే రకం), తూటా సైజు .308, .270, .30-06, 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నం, వీటిలో ఏదైనా. 6.5 క్రీడ్‌మూర్ కూడా సరిపోతుంది, కాస్త దగ్గరి దూరాలకే పరిమితమైతే. కొలరాడోలో ఎల్క్‌కి కనీసం .24 క్యాలిబర్, 85 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) విచ్చుకునే తూటా, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌన్ల శక్తి ఉండాలి. నేను చెప్పినవన్నీ దీన్ని సునాయాసంగా దాటతాయి.

డబ్బు మిగిల్చుకుని స్కోప్ మీద, బూట్ల మీద, తూటాల మీద పెట్టండి. పెద్ద మాగ్నం కొని దాని దెబ్బకి భుజం జంకేవాడి కంటే, .308తో వంద తూటాలు ప్రాక్టీసు చేసినవాడి గురి ఎప్పుడూ మేలు.

5. జీరో చేయడం, వరసగా

జీరో అంటే గురిపెట్టిన చోటే తూటా తగిలేలా స్కోప్‌ని సరిచేయడం. మీరు వేటకి తీసుకెళ్లే తూటాతోనే, అదే బాక్సు రకంతోనే ఇదంతా చేయాలి. చౌక తూటాతో జీరో చేసి ఖరీదైన తూటాతో వేటకి వెళ్తే, గురి మూడు నాలుగు అంగుళాలు పక్కకి పోవచ్చు.

1. మరలు చూడండి. స్కోప్ బేస్, రింగులు, స్టాక్ మరలు కంపెనీ చెప్పిన టార్క్‌కి టార్క్ రెంచ్‌తో బిగించండి. గురి "తిరుగుతోంది" అని నా దగ్గరకి తెచ్చిన రైఫిళ్లలో ఎక్కువ వాటికి రోగం వదులైన రింగే.
2. కంటి దూరం సరిచేయండి. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, కళ్లు తెరవండి. స్కోప్ అంతా వెలుగుగా కనపడాలి. నల్లటి అంచు వస్తే స్కోప్ ముందుకో వెనక్కో జరపాలి.
3. 25 గజాలతో మొదలుపెట్టండి. బోల్ట్ తీసేసి బ్యారెల్ లోంచి టార్గెట్ మధ్యని చూసి, క్రాస్‌హెయిర్‌ని అక్కడికి తెండి. ఒక తూటా కాల్చండి. గురిపెట్టిన చుక్కకి అర అంగుళం, ముప్పావు అంగుళం కింద పడితే చాలు. పావు ఎంఓఏ స్కోప్‌లో (ఒక క్లిక్కుకి 100 గజాల దగ్గర సుమారు పావు అంగుళం జరిగేది) ఈ దూరంలో ఒక అంగుళానికి 16 క్లిక్కులు.
4. 100 గజాలకి వెళ్లండి. ముందు, వెనక ఇసుక సంచులు పెట్టి మూడు తూటాలు కాల్చండి. ఒక్క తూటాని చూసి క్లిక్కులు తిప్పొద్దు, మూడింటి మధ్య బిందువు చూడండి. ఇక్కడ ఒక అంగుళానికి 4 క్లిక్కులు. 3 అంగుళాలు కింద, 2 అంగుళాలు ఎడమకి పడితే 12 క్లిక్కులు పైకి, 8 కుడికి.
5. బ్యారెల్ చల్లారనివ్వండి. ప్రతి మూడు తూటాలకీ పది నిమిషాలు. వేట రైఫిల్ బ్యారెల్ సన్నగా ఉంటుంది, వేడెక్కితే తూటాలు చెదురుతాయి.
6. 200 గజాల జీరో పెట్టుకోండి. 100 దగ్గర సుమారు 2 అంగుళాలు పైన పడేలా ఉంచి, 200 దగ్గర కాల్చి నిర్ధారించుకోండి. మామూలు .308 తూటా అలా ఉంటే 300 దగ్గర 8, 9 అంగుళాలు కిందికి దిగుతుంది. మీ రైఫిల్‌ది కాల్చి చూసి, ఆ అంకెలు టేపు మీద రాసి స్టాక్‌కి అంటించండి.
7. చల్లటి బ్యారెల్ మొదటి తూటా. వేరే రోజు వచ్చి ఒకే ఒక్కటి కాల్చి ఇంటికి వెళ్లిపోండి. అయిదు వేర్వేరు రోజులు అదే కాగితం మీద. వేటలో మీకు దొరికేది ఆ తూటాయే, అందుకే నాకు ఆ కాగితం మీద ఉన్నంత నమ్మకం ఇంకే గ్రూప్ (వరసగా కాల్చిన తూటాల గుంపు) మీదా ఉండదు.

గురి కుదరకపోతే:
- తూటాలు నిలువుగా చెదిరితే: సంచి మీద రైఫిల్ ఆనించే చోటు, ఊపిరి చూసుకోండి.
- కుడిచేతివాళ్లకి కింద ఎడమకి పడుతుంటే: ట్రిగ్గర్‌ని లాగేస్తున్నారు, లేదా శబ్దానికి ముందే జంకుతున్నారు.
- రెండు చోట్ల రెండు గుంపులు పడితే: రింగు, బేస్ మరలు.
- నిన్న బాగుండి ఈరోజు మొత్తం పక్కకి పోతే: తూటా మారిందా? బ్యారెల్ శుభ్రం చేశారా? శుభ్రం చేశాక మొదటి రెండు మూడు తూటాలు లెక్కలోకి తీసుకోవద్దు.

జంకుకి మందు ఒకటే. స్నేహితుణ్ణి రైఫిల్ లోడ్ చేసి ఇమ్మనండి, కొన్నిసార్లు నిజం తూటా, కొన్నిసార్లు డమ్మీ. డమ్మీ మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు రైఫిల్ మూతి కిందికి తలూపితే మీకే కనిపిస్తుంది. తర్వాత ఇంట్లో, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, ఛాంబర్ రెండుసార్లు చూసి, రోజూ ఇరవైసార్లు ఖాళీ ట్రిగ్గర్ నొక్కండి. నెలలో మార్పు తెలుస్తుంది.

6. బెంచ్ దిగాక మీ దూరం ఎంత

ఈ భాగం కోసమే ఇదంతా రాస్తున్నాను. బెంచ్ మీద అంగుళం గ్రూప్ కాల్చిన చేయి, కొండెక్కి ఆయాసపడుతూ కూర్చుంటే అడుగు దాటి తిరుగుతుంది.

మూడో ఏడాది వేటలో లోయకి అవతల, సుమారు 380 గజాల దూరంలో మగ ఎల్క్ నిలబడింది. రేంజ్‌లో ఆ దూరం నేను కాల్చాను, అదీ పడుకుని, గాలి లేని పొద్దున. ఆ రోజు కూర్చుని కాల్చాను, లోయలో అడ్డగాలి ఉంది. తూటా వెనక్కి, పొట్టకి తగిలింది. చీకటి పడేదాకా, మర్నాడంతా వెతికాను. దొరకలేదు. ఆ లైసెన్స్ మీద మళ్లీ కాల్చకుండా ఇంటికొచ్చేశాను. ఆ జంతువు ఎలా పోయి ఉంటుందో ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఆ తర్వాత పెట్టుకున్న పరీక్ష ఇది:

1. తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేట్లు తీసుకోండి. ఎల్క్ గుండె, ఊపిరితిత్తుల చోటు ఇంతకంటే కాస్త పెద్దది. ఆ తేడా మీ టెన్షన్‌కి వదిలేయండి.
2. రైఫిల్ ఖాళీగా పెట్టి నాలుగు వందల గజాలు గబగబా నడిచి రండి.
3. బెంచ్ లేకుండా బ్యాక్‌ప్యాక్ మీదో, షూటింగ్ స్టిక్స్ మీదో ఆనించి 100 గజాల దగ్గర ఒక్కటి కాల్చండి.
4. ఇలా అయిదుసార్లు. అయిదూ ప్లేటులో పడితే 150కి, తర్వాత 200, 250కి వెళ్లండి.
5. ఒక్కటి బయట పడినా, దాని ముందు దూరమే మీ దూరం. పడుకున్నప్పుడు ఎంత, కూర్చున్నప్పుడు ఎంత, విడివిడిగా రాసుకోండి.

నా దూరం కూర్చుని 225, పడుకుని 300. మీది 150 అయితే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంకో వంద గజాలు పాకండి.

గంటకి 10 మైళ్ల అడ్డగాలి .308 తూటాని 300 గజాల్లో సుమారు అర అడుగు పక్కకి నెడుతుంది. 200లో దానికి సగం. గాలి అంచనా రానివాళ్లు దూరం తగ్గించుకోవడం ఒక్కటే దారి. బాగా ఏటవాలుగా పైకో కిందికో కాల్చేటప్పుడు అడ్డంగా ఉన్న దూరమే లెక్క. కోణం లెక్కగట్టే రేంజ్‌ఫైండర్ ఆ అంకె చూపిస్తుంది.

7. వేట రోజు

- నడుము పైన కనీసం 500 చదరపు అంగుళాల ఫ్లోరోసెంట్ ఆరెంజ్ లేదా పింక్, తలమీద అదే రంగు టోపీ. మచ్చల ఆరెంజ్ చెల్లదు.
- కాల్చే సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా.
- బండిలో ఉన్నప్పుడు ఛాంబర్‌లో తూటా ఉండకూడదు. రోడ్డు మీంచి, రోడ్డుకి అడ్డంగా కాల్చకూడదు.
- చాలా యూనిట్లలో మగ ఎల్క్‌కి ఒక కొమ్ముకైనా 4 మొనలు, లేదా 5 అంగుళాల బ్రౌ టైన్ (కొమ్ము కింది భాగంలో ఉండే మొన) ఉండాలి. బైనాక్యులర్‌తో లెక్కపెట్టండి. స్కోప్‌తో చూడటమంటే తుపాకీ గురిపెట్టడమే. అక్కడున్నది మనిషి కావచ్చు.
- మూస్‌ని (ఇంకో పెద్ద దుప్పి జాతి) ఎల్క్ అనుకుని కాల్చినవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. మూస్ ఒళ్లంతా ముదురు గోధుమ రంగు, ముక్కు పెద్దగా వేలాడుతుంది. ఎల్క్‌కి మెడ ముదురుగా, పిరుదులు లేతగా ఉంటాయి.

పొద్దున చల్లగాలి కొండ కిందికి దిగుతుంది, ఎండెక్కాక పైకి లేస్తుంది. కాబట్టి పొద్దున్నే పై నుంచి చూడాలంటే, మీ వాసన కింద మేస్తున్న మంద మీదకి నేరుగా పోని చోటు ఎంచుకోండి. ఎల్క్ కళ్లని తప్పించుకోవచ్చు, ముక్కుని తప్పించుకోలేరు.

సముద్రమట్టానికి దగ్గరి ఊళ్ల నుంచి, డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చేవాళ్లు ఒకటి రెండు రోజులు ముందే రండి. పదివేల అడుగుల ఎత్తులో తలనొప్పి, వాంతులు మొదలైతే పట్టుదలకి పోకుండా కిందికి దిగండి.

8. ట్రిగ్గర్ నొక్కే ముందు, నొక్కాక

జంతువు పక్కకి తిరిగి నిలబడినప్పుడు ముందు కాలి వెనక అంచు వెంట, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర గురిపెట్టండి. కొంచెం అవతలికి తిరిగి ఉంటే అవతలి ముందు కాలిని ఊహించుకుని దాని మీదికి. మీకు ఎదురుగా, పూర్తిగా వెనక్కి, లేదా గుంపులో ఒకదాని వెనక ఒకటి ఉంటే ఆగండి.

కాల్చిన వెంటనే మరో తూటా ఎక్కించి స్కోప్‌లోనే చూడండి. ఇంకా నిలబడి ఉంటే మళ్లీ కాల్చండి. పరిగెత్తి చెట్లలోకి పోతే, నిలబడిన చోటు, ఆఖరుగా కనిపించిన చోటు మ్యాపులో గుర్తుపెట్టి అరగంట కూర్చోండి.

- నురుగు ఉన్న లేత ఎర్ర రక్తం: ఊపిరితిత్తులు. దగ్గర్లోనే దొరుకుతుంది.
- ముదురు ఎరుపు: లివర్ కావచ్చు. ఇంకా రెండు మూడు గంటలు ఆగండి.
- పచ్చగా, వాసనతో: పొట్ట. కనీసం ఆరు గంటలు. తొందరపడి వెంటపడితే మైళ్లకి మైళ్లు పోతుంది.

రక్తం లేదంటే తగల్లేదని కాదు. నిలబడిన చోటికి తప్పకుండా వెళ్లి చూడండి, వృత్తాలుగా వెతకండి.

9. మాంసం

జంతువు దగ్గరకి చేరగానే ట్యాగ్ మీద తేదీ, సంతకం వేసి లైసెన్స్ నుంచి విడదీయండి. ఆడా మగా తెలిపే భాగం మాంసానికి సహజంగా అంటుకునే ఉండాలి. కోసేముందు ఇది మర్చిపోవడం మామూలుగా జరిగే తప్పు.

పొట్ట కోయకుండానే పని అయిపోతుంది. పక్కకి పడుకోబెట్టి పైవైపు చర్మం ఒలిచి, ముందు కాలు, వెనక తొడ, వెన్ను వెంట ఉన్న మాంసం, మెడ మాంసం తీసి, పక్కటెముకల వెనక నుంచి చేయి పెట్టి లోపలి టెండర్‌లాయిన్ తీయాలి. తర్వాత తిరగేసి రెండో వైపు. నాలుగు కాళ్లు, వెన్ను మాంసం, టెండర్‌లాయిన్ వదిలేసి రావడం చట్టరీత్యా నేరం.

ఎముకలు తీసినా పెద్ద మగ ఎల్క్ మాంసం 200 పౌన్ల దాకా ఉంటుంది. ఒక్కరికి నాలుగు ట్రిప్పులు. బండి నుంచి మూడు మైళ్ల అవతల కాల్చే ముందు ఈ లెక్క వేసుకోండి. ఎండ రోజైతే ముందు మాంసాన్ని నీడలో, గాలి తగిలేలా వేలాడదీయండి. వేడే మాంసాన్ని చెడగొడుతుంది.

సంచిలో ఉండాల్సినవి:
- గుడ్డ గేమ్ బ్యాగులు అయిదు, చిన్న పదునైన కత్తులు రెండు
- రబ్బరు గ్లవ్స్, నలభై అడుగుల తాడు
- రెండు హెడ్‌లైట్లు, అదనపు బ్యాటరీలు
- ఫ్రేమ్ ఉన్న ప్యాక్
- బండిలో పెద్ద కూలర్లు, ఐస్

చివరిగా క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు దుప్పి జాతుల్లో ఉంది. కొన్ని యూనిట్లలో, కొన్ని ఏళ్లలో తల పరీక్షకి ఇవ్వడం తప్పనిసరి, మిగతాచోట్ల మీ ఇష్టం. నేనైతే ఎప్పుడూ ఇస్తాను. మాంసం ప్యాకెట్ల మీద ఆ తల నంబరు రాసి ఫ్రీజర్‌లో పెట్టండి, రిజల్టు వచ్చేదాకా ఎవరికీ పంచొద్దు. బాగుందని వచ్చాక తొడ మాంసం కీమా కొట్టించుకోండి. కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి మేకమాంసం కంటే నూనె కాస్త ఎక్కువ పడుతుంది. గోంగూరతో బాగా కుదురుతుంది.